తొంభైతొమ్మిదింటినీ ఎవరికి అప్పజెప్పి?

బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక బస్సు మిమ్మల్ని దించేసి పామర్రు వైపు వెళ్ళిపోయింది. మీరు రోడ్డు దిగి కాలవ గట్టెక్కారు. ఏప్రిల్ చివరి శనివారం, పొద్దు వాలే వేళ. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవలు కట్టేశారు. గట్టు కింద పారే నీరు లేదు, అక్కడక్కడ పాచి పట్టిన మడుగులున్నాయంతే. మినుము పీకేసిన చేలు రెండు పక్కలా నెర్రెలిచ్చి పడున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడు ముందు వాసన తగులుతుంది, గొర్రె మూత్రమూ దుమ్మూ కలిసిన ఘాటు. దాని వెనక అరుపులు. తుమ్మచెట్ల వరస దాటగానే మంద.

నాలుగొందల పైచిలుకు ఉంటాయి. ఎక్కువ భాగం నెల్లూరు జోడిపి: తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలు. వీటికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. పెద్దాయన భుజం మీది నల్ల గొంగడి ఈ మంద ఇచ్చింది కాదు, ఉన్ని గొర్రెలున్న ప్రాంతం నుంచి కొనుక్కున్నది. మాచర్ల అవతలి నుంచి లారీల్లో దిగారు వీళ్ళు ముగ్గురూ. పెద్దాయన, ఆయన అల్లుడు, ఒక జీతగాడు. మూడిళ్ళ గొర్రెల్ని కలిపి ఒకే మందగా తోలుకొచ్చారు. తొలకరికి కాలవలు వదిలేలోగా వెనక్కి పోవాలి.

ఈ రాత్రికి ఈ చేను. ఆసామి పిలిచి మరీ మంద కట్టించుకుంటున్నాడు. ఒక రాత్రి గొర్రెలు పడుకున్న నేల వాటి పెంటికల్నీ మూత్రాన్నీ తాగి వచ్చే సార్వాకి వరిని నల్లగా లేపుతుంది. ఎరువుల కొట్టు దగ్గర అప్పు కొంత తగ్గుతుంది. వెనకటికి ఇందుకు వడ్లు కొలిచేవాళ్ళు, ఇప్పుడు డబ్బిస్తున్నారు. రేపు వల పీకి పక్క మడికి జరుపుతారు.

అల్లుడు గుంజలు దిగ్గొట్టి నైలాను వల చుట్టూ తిప్పాడు. ఒక మూల మనిషి పట్టేంత సందు వదిలాడు. పెద్దాయన ఆ సందు పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు మీరు మాట్లాడకూడదు, లెక్క నడుస్తోంది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి దూకుతుంటే ఆయన జోడు జోడుగా చూపుతో దాటిస్తున్నాడు. పెదవులు కదలవు. ఇరవైకొకసారి ఎడమచేతి వేలు ఒకటి ముడుచుకుంటుంది. ఆఖరి పొట్టేలు లోపలికి పోయాక దుమ్ము అణిగేదాకా అలాగే ఉన్నాడు.

"ఒకటి తక్కువ" అన్నాడు. మంద మీద మరోసారి చూపు తిప్పి, "చెవి చీలింది రాలా" అన్నాడు.

నాలుగొందల్లో ఒకటి తగ్గిందని లెక్క చెప్పింది. ఏది తగ్గిందో లెక్క చెప్పలేదు. దానికోసం ఆయన మళ్ళీ ముఖాలు చూశాడు. బైబిలు సామెతల గ్రంథంలో రైతుకో హితవుంది, నీ మందల పరిస్థితి నువ్వే స్వయంగా తెలుసుకుని ఉండమని. రాజులకూ ధనవంతులకూ ఉద్దేశించిన నీతుల మధ్య ఆ పశువుల ముచ్చట ఎందుకు పెట్టారో ఈ వల సందు దగ్గర నిలబడితే తెలుస్తోంది.

మీకు లూకా సువార్త 15వ అధ్యాయం గుర్తురాక మానదు. ఆదివారం బడిలో విన్న కథే. వంద గొర్రెల ఆసామి, ఒకటి తప్పిపోతే మిగతావాటిని అడవిలో విడిచి దాని వెంట పడి, దొరికాక భుజాన వేసుకుని ఇంటికొచ్చి ఇరుగుపొరుగుల్ని పిలిచి సంబరం చేసుకుంటాడు. పెద్దాయన టార్చిలైటు అరచేతి మీద తట్టి సరిచూసుకుంటుంటే మీరు ఆ కథ చెబుతారు. ఆయన క్రైస్తవుడు కాడు. గొల్లవాడు, గంగమ్మకి మొక్కేవాడు. శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"తొంభైతొమ్మిదింటినీ ఎవరికి అప్పజెప్పి పోయాడయ్యా?"

"కథలో అది లేదు."

"ఎవురో ఒకడు ఉండే ఉంటాడులే. ఒక్కడే అయితే పోడు. పోతే తెల్లారేసరికి కుక్కలు పదింటిని కొరుకుతై."

అల్లుణ్ణి వల దగ్గర ఉంచాడు. జీతగాణ్ణి రోడ్డు వైపు పంపాడు. మిమ్మల్ని రమ్మన్నట్టు తలూపి కాలవ గట్టు పట్టాడు.

ఈ కథ మీద వేల ప్రసంగాలు నడిచాయి. దాదాపు అన్నీ ఆ ఒక్కదాని మీది ప్రేమ గురించే. మిగిలినవాటిని కాసిందెవరన్నది అడిగే పాదిరి అరుదు. లూకా ఇలాంటి వివరాల్ని పట్టించుకునే రచయిత కూడా కాదు. యేసు పుట్టిన రాత్రి బేత్లెహేము పొలాల్లో కాపరులు దేవదూత మాట విని ఊళ్ళోకి పరుగెత్తారని రాశాడు, వాళ్ళు వెళ్ళాక మంద దగ్గర ఎవరున్నారో రాయలేదు. కాపరి వృత్తిలో పుట్టినవాళ్ళకి మొదట తట్టేది అదే.

చీకటి పడింది. పెద్దాయన నడక వేగంగా ఉంది, మీరు వెనకబడుతున్నారు. నాలుకతో టకటకమని శబ్దం చేసి, ఆపి, చెవి పెడతాడు. మళ్ళీ నడుస్తాడు. మధ్యాహ్నం ఇదే గట్టు మీద ఇంకో మంద ఎదురై రెండూ కలిసిపోయాయట. విడదీయడానికి కర్ర ఎత్తలేదు. ఆ కాపరి అటు నిలబడి పిలిచాడు, ఈయన ఇటు నిలబడి పిలిచాడు, ఎవరివి వాళ్ళ దగ్గరికి వచ్చేశాయి. యోహాను సువార్త 10వ అధ్యాయంలో గొర్రెలు కాపరి స్వరాన్ని గుర్తుపడతాయనీ పరాయివాడి పిలుపుకి కదలవనీ చదివినప్పుడు మీరు అది కవిత్వమనుకుని ఉంటారు. పెద్దాయన దాన్ని ఈ మధ్యాహ్నం సంగతుల్లో ఒకటిగా చెప్పి ఊరుకున్నాడు.

టార్చి వెలుగు మడుగు మీద పడినప్పుడల్లా ఆయన ఒంగి గడ్డి అంచు చూస్తున్నాడు. అడుగుజాడ లేకపోతే నిట్టూర్చి ముందుకి పోతున్నాడు. గొర్రె మునిగిపోతుందని కాదు ఆయన భయం. ఆ నీళ్ళలో నత్తలుంటాయి. నత్తల నుంచి బయటపడ్డ పురుగు గడ్డి పరకలకి అంటుకుని గొర్రె కడుపులోకి పోతుంది, కాలేయం చేరి జలగవుతుంది. వారాలు గడిచాక గొర్రె నీరసించి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. అప్పుడు మందు పోసినా కొన్నింటికి ఆలస్యమే.

23వ కీర్తన రాశాడని చెప్పే దావీదు యూదయ మెట్టల్లో గొర్రెలు కాసినవాడు. అక్కడ, ఆ కీర్తనలో చెప్పినట్టు, కదలని నీటి పక్కకి మందని చేర్చడమంటే బతికించడం, వాన పడ్డప్పుడు వాగుల్లో ఉరికే నీరు ప్రమాదం. కృష్ణా డెల్టాలో ఆ లెక్క తలకిందులైంది. ఇక్కడి కాపరి మందని పారే కాలవ దగ్గరికో బోరు దగ్గరికో తోలుకుపోతాడు, నిలిచిన నీటి నుంచి కర్ర అడ్డం పెట్టి మళ్ళిస్తాడు. కీర్తనని కంఠస్థం చేసిన నాయకుడు ఇక్కడికొచ్చి దాన్ని అక్షరాలా పాటిస్తే మంద సగమవుతుంది.

దొరికింది. గట్టు వాలులో తుమ్మ కింద పడుకుని ఉంది. లేవబోయి మళ్ళీ కూలబడింది. పక్కన తడి ఆరని పిల్ల వణుకుతోంది. అదను కాని ఈత. మంద ముందుకి సాగుతుంటే ఇది నొప్పులతో వెనకబడింది. తప్పిపోయిన గొర్రె అనగానే మొండిదనీ దారి తప్పి తిరిగేదనీ మనకి వినిపించే బోధ ఎంత తొందరపాటుదో చూడండి. ఇది ఎక్కడికీ పోలేదు. ఉన్నచోట ఆగిపోయింది, అంతే.

పెద్దాయన గొంగడి అంచుతో పిల్ల ముక్కు తుడిచాడు. దాన్ని భుజాన వేసుకుంటాడని మీరు ఎదురుచూస్తున్నారు. వేసుకోలేదు. ముందుకాళ్ళు రెండూ కలిపి పట్టుకుని, నేలకి జానెడెత్తున వేలాడేలా పట్టి, తానే నడుం వంచి నడవడం మొదలెట్టాడు. తల్లి ముక్కు పిల్లకి ఆనిస్తూ వెనక వచ్చింది.

"పైకెత్తితే దీనికి వాసన అందదు. అందకపోతే మళ్ళీ ఈనిన కాడికే పోయి ఎతుక్కుంటది."

అరమైలు అలా వంగే నడిచాడు. రోమ్ నగరం కింద తవ్విన సమాధి గుహల గోడల మీద 3వ శతాబ్దపు క్రైస్తవులు గీసుకున్న బొమ్మల్లో కాపరి భుజాల మీద గొర్రెతో నిటారుగా నిలబడి ఉంటాడు. సిలువ అందరూ గీసే గుర్తు కాకముందే ఆ బొమ్మ ఉంది. మన ఇళ్ళలో వేలాడే క్యాలెండర్ల మీదా అదే, మచ్చలేని తెల్లటి అంగీతో. యెషయా గ్రంథం 40వ అధ్యాయంలో ఇంకో కాపరి ఉన్నాడు. పిల్లల్ని ఒడిలో ఎత్తుకుని, పాలిచ్చే తల్లుల కోసం నడక తగ్గించేవాడు. క్యాలెండర్లు వేసేవాళ్ళకి ఆయన ఎక్కలేదు. నడుం వంగిన నాయకుడు బొమ్మకి బాగుండడు మరి.

మంద దగ్గరికొచ్చేసరికి ఆసామి మోటారు సైకిలు మీద వచ్చి ఉన్నాడు. మడి ఒక మూల మంద సరిగా పడలేదని, రేపు డబ్బు తగ్గించుకుంటానని పేచీ. పెద్దాయన వాదించలేదు, వల రెండు గుంజలు జరిపించాడు. మేతా దానికిచ్చే సొమ్మూ ఎప్పుడూ తగవే. 13వ శతాబ్దంలో కాటమరాజు కరువుకి ఆవుల మందల్ని తోలుకుని నెల్లూరు సీమకి పోయి, మేత పన్ను పుల్లరి దగ్గర అక్కడి రాజు నల్లసిద్ధితో పేచీ వచ్చి యుద్ధమే చేశాడు. ఈయన తాత ఆ కథ చెప్పించి రాత్రంతా కూర్చునేవాడట. "అప్పుడు మేపినందుకు మనం కట్టాలి, ఇప్పుడు పడుకున్నందుకు వాళ్ళు కడతారు. మనమే బాగుపడ్డాం" అని అల్లుడు నవ్వాడు.

అన్నాలయ్యాయి. మీరు నులకమంచం మీద, వాళ్ళు గట్టు మీద. జీతగాడు వల చుట్టూ తిరుగుతున్నాడు. ఇక్కడ సింహమూ ఎలుగుబంటీ లేవు. దావీదు సౌలు ముందు గొప్పగా చెప్పుకున్న ఆ రెండింటి బదులు వీధికుక్కల గుంపులున్నాయి, హైవే మీద లారీలున్నాయి, రాత్రి రెండింటికి లైట్లు ఆర్పుకుని వచ్చే వ్యాన్లున్నాయి. పెద్దాయన ఒక గొర్రె చెవి పట్టి చూపించాడు. పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద నంబరు. బీమా ఉన్న గొర్రె చస్తే ఆ బిళ్ళ ఉన్న చెవిని చూపించాలి. లేకపోతే రూపాయి రాదు.

ఆమోసు ప్రవక్త తానూ పశువుల కాపరే. సింహం నోట్లోంచి కాపరి రెండు కాళ్ళో చెవి ముక్కో లాక్కొస్తాడని ఆయన పుస్తకంలో ఓ పోలిక కనిపిస్తుంది. చచ్చిన గొర్రె చెవి ముక్క ఎవరికి కావాలని చదివేవాళ్ళు తికమకపడతారు. నిర్గమకాండం 22వ అధ్యాయంలో జవాబుంది. కాపలాకి తీసుకున్న పశువుని మృగం చీల్చితే మిగిలిన ముక్క తెచ్చి సాక్ష్యంగా చూపించాలి, చూపిస్తే నష్టం కట్టక్కర్లేదు. చెవి ముక్క రసీదు. ఆ మంద కాపరిది కాదు, యజమాని ఒకడున్నాడు, పొద్దున్నే లెక్క అడుగుతాడు. లేఖనంలో కాపరి గురించిన మాటలన్నిటి కింద నాకు ఈ అప్పజెప్పుడే కనిపిస్తుంది. నాయకత్వ శిక్షణ తరగతుల్లో కాపరి పోలిక తెచ్చేవాళ్ళు దారి చూపడం గురించీ దూరదృష్టి గురించీ చెబుతారు. పోయినదానికి చెవి ముక్క చూపించాల్సిన మనిషి గురించి చెప్పరు.

యాకోబు తన మామ లాబానుతో తగవులాడినప్పుడు చెప్పుకున్నది అంతా ఇదే. ఇరవయ్యేళ్ళు నీ మంద కాశాను, పగలు ఎండకి మాడాను, రాత్రి మంచుకి వణికాను, నిద్ర లేదు, మృగాలు చీల్చినవాటి నష్టం కూడా నా లెక్కలోనే వేసుకున్నాను అని. చచ్చినదాని ముక్క చూపించి తప్పించుకునే వీలున్నా తప్పించుకోలేదని దెప్పడమన్నమాట. ఈ సంగతి మీరు చెబుతుంటే అల్లుడు లేచి కూర్చున్నాడు. మోషే కూడా మిద్యానులో మామ గొర్రెలే కాశాడని తెలిశాక మరీ హుషారొచ్చింది.

"విన్నావా మామా? పెద్దపెద్దోళ్ళందరూ ఇల్లరికమే."

"వాళ్ళు రాత్రిళ్ళు మేలుకునేవోళ్ళురా" అన్నాడు పెద్దాయన.

యోహాను 10లో జీతగాడికి చెడ్డపేరు. తోడేలు రాగానే మందని వదిలి పారిపోతాడని. నాకు ఆ మాట దగ్గర ఎప్పుడూ కొంచెం నొప్పి. యాకోబూ జీతగాడే కదా. ఇప్పుడు వల చుట్టూ తిరుగుతున్న కుర్రాడికి ఈ మందలో సొంతది ఒక్క గొర్రె లేదు, అయినా ఈ ముగ్గురిలో కాపలా కాస్తున్నది వాడే. వాడి చేతిలో చివర వంకీ ఉన్న పొడుగాటి కర్ర ఉంది, తుమ్మకొమ్మలు వంచి కాయలు రాల్చడానికి. ఆ వంకీ కర్రే వెండిపూతతో విజయవాడ పీఠాధిపతి చేతిలో కనిపిస్తుంది, ఏటా ఫిబ్రవరి 11న గుణదల కొండ కింద మేరీమాత పండగ పూజలో. 1924లో అక్కడ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు, 1937లో బెజవాడ పీఠం ఏర్పడింది. లక్షల మంది కళ్ళు ఆ కర్ర మీద ఉంటాయి. కుర్రాడి కర్రకి పైభాగాన చెయ్యి పట్టి పట్టి నునుపు తేలింది.

ఇంకో సంగతి దాచకూడదు. ఈ పెద్దాయన ప్రతి శుక్రవారం పొట్టేళ్ళు అమ్ముతాడు. ఆదివారం బెజవాడలో మాంసం దుకాణాల ముందు వరసలు కట్టేది వాటికోసమే. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మన సామెత ఊరికే పుట్టలేదు. ఎంత ప్రేమగా కాసినా లోకంలో కాపరి బతుకు గొర్రె ప్రాణం మీదే నడుస్తుంది. యేసు ఆ పోలికని ఎత్తుకుని, దాని జమాఖర్చుని తిరగేశాడు. మంచి కాపరి తన ప్రాణాన్ని మందకోసం పెడతాడన్నాడు. రెండువేల ఏళ్ళు విని విని మనకి అది మామూలైపోయింది. పెద్దాయనకి మాత్రం వింతగా తోచింది. "అట్టయితే ఆయనకేం మిగులుద్ది?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే చూశాడు. మీరు చెప్పలేకపోయారు.

పొద్దున్నే గంట మోగింది. ఊరి చివర పల్లెలో క్రైస్తవుల చిన్న గుడి, సున్నం గోడలు, రేకుల కప్పు, ముందు నీళ్ళ కుళాయి. జీతగాడు అప్పటికే అక్కడ ప్లాస్టిక్ డబ్బాలు నింపుతున్నాడు. అయ్యగారు మోటారు సైకిలు మీద వచ్చారు, ఈ పూటకి ఇది రెండో గుడి ఆయనకి. మంద రోడ్డు దాటుతుంటే పది నిమిషాలు ఆగిపోయారట. చాపల మీద ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. డోలకు, తాళాలు, పురుషోత్తమ చౌదరి కీర్తన. కతోలికులు ఈస్టరు తర్వాత ఒక ఆదివారాన్ని మంచి కాపరికి కేటాయిస్తారు. ఇవాళ ఈ గుడిలోనూ కాపరి మీదే పాఠం.

ఇలాంటి పల్లె గుళ్ళు డెల్టాలో ఎలా నిలబడ్డాయో ఒక్కసారి వెనక్కి చూడాలి. 1841లో మిషనరీలు హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో దిగారు. ఫాక్స్ 1848కే చనిపోయాడు. నోబుల్ పై కులాల కుర్రాళ్ళ కోసం బడి పెట్టి చదువు చెప్పాడు. మతం మాత్రం మాలపల్లెల్లో పాకింది. 1859లో రాఘవాపురం పెద్ద పగోలు వెంకయ్య కుటుంబంతో బాప్తిస్మం తీసుకున్నాక పల్లె తర్వాత పల్లె కదిలింది. కానీ దొర ఒకడు, పల్లెలు వందలు. ఒక గొర్రె కోసం ఎవరు పోతారు?

దానికి పని రూపంలో జవాబిచ్చింది వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు, పల్లె గురువు కొడుకు. తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ముప్ఫై అయిదేళ్ళ వయసులో లేచి, మాకు మీ త్యాగాలు అందాయి, మీ పక్కన కూర్చునే చోటు అందలేదు అన్న భావం వచ్చేలా మిషనరీల ముఖాన్నే చెప్పాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకి అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. కూర్చున్నది నిజాం రాజ్యంలోని దోర్నకల్లులో. తర్వాత కృష్ణా డెల్టా గుళ్ళు కూడా ఆయన కిందికే వచ్చాయి.

ఎడ్లబండి మీద ఊళ్ళు తిరిగాడని అందరూ రాస్తారు. నాకు అంతకంటే విలువైనదనిపించేది ఆయన పోగుచేసిన మనుషులు. 1935 నాటికి ఆ పీఠంలో 250 మంది భారతీయ గురువులు, 2,000 మందికి పైగా ఊరి ఉపాధ్యాయులు, వైద్య సేవకులు, సువార్తికులు. 1941కి క్రైస్తవ జనాభా 2,25,000 దాటింది. ఉపదేశకుడు ఆ పల్లెలోనే కాపురముంటూ, ఎవరింట్లో జ్వరమో ఎవరు కూలికి వలసపోయారో తెలుసుకుంటూ ఉండేవాడు. వెనక నిలబడి మంద కాయడానికి ఒకడుంటేనే ముందువాడు వెతకడానికి పోగలడు. అజరయ్య పద్ధతి అందరికీ రుచించలేదు, మత మార్పిడుల దగ్గర గాంధీజీకీ ఆయనకీ పొసగలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లులో కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. డెల్టా గుళ్ళు ఇప్పుడు ఆ సంఘపు కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలం కింద ఉన్నాయి.

అయ్యగారు యోహాను 10 చదువుతారని మీరు పేజీ తిప్పి పెట్టుకున్నారు. ఆయన యెహెజ్కేలు 34 తీశారు. వెనక వరసలో కునుకుతున్న ఇద్దరు కళ్ళు తెరిచారు. యెహెజ్కేలు బబులోను చెరలో ఉన్నవాడు, కెబారు కాలవ ఒడ్డున దర్శనం చూసినవాడు. అదీ సాగునీటి కాలవలు అల్లుకున్న పల్లపు నేలే. ఆ దేశంలో రాజులు తమని కాపరులమని పిలుచుకోవడం పాత అలవాటు, హమ్మురాబి తన ధర్మశాసనం మొదట్లోనే అలా చెప్పించుకున్నాడు. యెహెజ్కేలు ఆ బిరుదుని పట్టుకునే యూదా పాలకుల్ని నిలదీశాడు. కొవ్వినదాన్ని కోసుకు తిన్నారు, ఉన్ని కప్పుకున్నారు, జబ్బుదాన్ని పట్టించుకోలేదు, విరిగిన కాలికి కట్టు కట్టలేదు అని ఆరోపణల పట్టీ చదివాడు.

ఆ అధ్యాయంలో చాలామంది దాటేసే భాగం దగ్గర అయ్యగారు ఆగారు. కాపరుల్ని తిట్టాక ప్రవక్త గొర్రెల వైపు తిరుగుతాడు. బలిసిన గొర్రెలు మంచి మేత మేసి మిగిలింది తొక్కేస్తున్నాయి, తేట నీరు తాగి మిగిలింది కాళ్ళతో కలిపి బురద చేస్తున్నాయి, బక్కవి ఆ బురదే తాగాలి.

"మన కాలవ ఎగువన ఎవరు తూములు పెద్దవి చేసుకున్నారో మీకు తెలుసు" అన్నారు అయ్యగారు. మగవాళ్ళ వైపు ఒక దగ్గు వినిపించింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో దాని చోట బ్యారేజీ వచ్చాక కూడా, అవనిగడ్డ, నాగాయలంక శివారు రైతు మాట ఒక్కటే: నీళ్ళు చివరికి రావు, వచ్చినా వేళకి రావు. ఈ ఊరి వాళ్ళలో చాలామంది కాలవ కింది నేలని కౌలుకి చేసేవాళ్ళో కూలికి పోయేవాళ్ళో. అందుకే ఈ మాట ఒకవైపు నుంచే వినడం వాళ్ళకి సులువు. ఆయన దాన్నీ సులువు కానివ్వలేదు. ఈ గుడి కమిటీలో ఎన్నేళ్ళుగా అవే నాలుగు ఇంటిపేర్లున్నాయో చదివి, తర్వాతి పాటకి నంబరు చెప్పారు.

ఆశీర్వాదమయ్యాక జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. అయ్యగారు పాత నోటుపుస్తకం తీసి గుమ్మం పక్కన కూర్చున్నారు. చుట్టూ సంఘ పెద్దలు ఇద్దరు, స్త్రీల మైత్రి నుంచి ముగ్గురు. రాని వాళ్ళ పేర్లు చదువుతున్నారు. ఒకామె కూతురి పురుటికి వెళ్ళింది. ఇంకొకాయన మోకాళ్ళ నొప్పి, ఇంటికే రొట్టె ద్రాక్షారసం తీసుకెళ్ళాలి. నాలుగో పేరు దగ్గర ఆగారు. బెజవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగు షెడ్డులో పనికి కుదిరిన కుర్రాడు. సంక్రాంతికి రాలేదు, ఈస్టరుకీ రాలేదు, ఫోను ఎత్తడం లేదు.

"తాగుతున్నాడంటున్నారు అయ్యగారూ."

"ఎవరన్నారు?"

ఎవరూ చెప్పలేదు.

"నాకు బుధవారం దాకా వీలు కాదు" అన్నారు అయ్యగారు. "మధ్యలో మూడు ఊళ్ళున్నాయి."

గోడకి ఆనుకుని కూర్చున్న ముసలామె చీర కొంగు ముడి విప్పి బస్సు డబ్బులు లెక్కపెట్టుకుంది. "మంగళవారం పెద్దాసుపత్రికి పోతున్నా, కళ్ళకి చూపించుకోను. ఆడ అయ్యాక ఆటోనగరు పోతా. షెడ్డు పేరు రాసియ్యండి."

"మీ మనవణ్ణి ఎవరు చూస్తారమ్మా ఆ పూట?"

"మా ఇంట్లో వదిలి పో అత్తా" అంది పక్కనున్న ఆవిడ.

అయ్యగారు కాగితం చింపి షెడ్డు పేరు పెద్ద అక్షరాలతో రాశారు. కింద గేటు నంబరు కూడా వేసి, బస్సు ఎక్కడ దిగాలో రెండుసార్లు చెప్పి, ఐదో పేరు చదివారు.